నిండుకున్నాయి

మూత పడి ఆరో రోజు

వీధిలో ఏదైనా తేడా వస్తే పెద్ద గొంతు ఈ పుస్తకం తెరవాలని నియమం. తేడా వచ్చింది. తెరిచాను.

తేడా రాకముందు ఎలా ఉన్నామో ముందు రాస్తాను. మూత పడిన రెండో రోజు ఉదయం సంగతి.

నాలుగున్నరకు లేచాను. కప్పు మీద చెయ్యి పెడితే రాయి గోరువెచ్చగా తగిలింది. పైన ఎండ ఇంకా రాకుండానే ఆ వేడి. అర చెంబు నీళ్ళతో మొహం కడుక్కుని గూట్లో దీపం పెట్టాను. గోవింద నామాలు చదువుకున్నాను. గుమ్మం ముందు నాలుగు చుక్కల ముగ్గు వేశాను. పిండి దండగని మా వీధిలో అందరం ముగ్గురాయితోనే గీస్తాం. అప్పటికి నాలుగో గుమ్మం మస్తానమ్మ ఉమ్మడి వంటింట్లో గుండిగను నేల మీద ఈడుస్తోంది. రోజూ ఆ చప్పుడుకే ఆరో గుమ్మం ఏసుపాదం మాస్టారు దగ్గుతూ లేస్తారు. ఆయన దగ్గుకు మా తమ్ముడు నాంచారయ్య లేస్తాడు. అలా ఒకరి చప్పుడుకు ఒకరు లేస్తూ ఏడు గుమ్మాలూ తెరుచుకుంటాయి.

ఐదున్నరకు మా చెల్లెలు అలివేలు నీళ్ళ తొట్టి దగ్గర చెంబు పట్టుకుని నిలబడింది. ఈ ఏడు కొలత దానిది.

"మనిషికి నాలుగు చెంబులు. ఐదోది అడిగినోళ్ళకి నా పాట వినిపిస్తా. ఆ పైన మీ ఇష్టం" అంది.

ఎవరూ ఐదోది అడగలేదు.

నేను పసిదానికి మాడున నూనె పెట్టాను. అది నాంచారయ్య కూతురు చూడామణి బిడ్డ. మూత పడటానికి ఆరు రోజుల ముందు పుట్టింది. చూడామణి తల్లి వెళ్ళిపోయి పదేళ్ళు. పిల్ల నా చేతిలోనే పెరిగింది, కాన్పుకూ నా దగ్గరికే వచ్చింది. దాని భర్త పైన, పనివాళ్ళ చలవ గుడారాల్లో ఉండిపోయాడు. ఇరవై ఒకటో రోజున పేరు పెట్టాలనుకున్నాం. పేరు పెట్టని పిల్లకు వాటా రాదు. తల్లి వాటాలోనే దానిదీ.

ఆరింటికి గోడలో చెవి టక్కుమంది. చెవి అంటే అరచేతంత చిల్లుల రేకు. "పెద్ద గొంతు పలకండి" అంది. నేను ఎదురుగా నిలబడి, అన్నీ ఉన్నాయి, అందరం బాగున్నాం అని చెప్పాను.

"విన్నాను. రాసుకున్నాను" అంది చెవి.

అంతే. అది మామూలు ఉదయం.

నాకు తరువాత ఈ పుస్తకం ఎవరు చదువుతారో తెలియదు కనుక రెండు మాటలు. కృత్తిక కార్తె మొదటి రోజున వీధి మీద మూత పడుతుంది. మృగశిర దాకా, ఇరవై ఎనిమిది రోజులు, ఎవరి కోసమూ తెరుచుకోదు. తెరిస్తే లోపలికి వచ్చేది గాలి కాదు, సెగ. కింద మేం ఇరవై తొమ్మిది మందిమి, పసిది కాక. ఏది నిండుకుంటే అది పెద్ద గొంతు చెవికి చెప్పాలి, పైనుంచి గొట్టంలో దిగుతుంది. ఈ ఏడు గొంతు మా గుమ్మానిది. ఇంట్లో పెద్దదాన్ని, నేనే పలకాలి. పోయినేడు గొంతు మస్తానమ్మ వాళ్ళాయనది. రోహిణి కార్తెలో ఆయన కాలం చేస్తే, మిగిలిన రోజులు ఆమె పలికింది.

పోయినేటి దాకా చెవికి అవతల గవర్రాజు గారని ఒక పెద్దాయన కూర్చునేవాడు. ఏం చెప్పినా "అట్టాగేనమ్మా" అనేవాడు. ఆయన పని చాలించాడు. ఈ ఏడు చెవి తానే వింటుంది, తానే రాసుకుంటుంది. చూసే కళ్ళు మాత్రం పెట్టలేదు. ఇది నమ్మకం మీద నడిచే ఏర్పాటు అని గోడ మీద రాశారు. పలకమన్న వేళ తప్ప చెవి మాటలు పట్టించుకోదు. గొంతులు మాత్రం రోజంతా పట్టుకుంటుంది. వీధిలో ఎవరెవరున్నారో దానికి తెలిసేది అలాగే.

ఇక తేడా. మూడో రోజున ఉమ్మడి డబ్బాలో బియ్యం నిండుకున్నాయని చెప్పాను. రాలేదు. నాలుగో రోజున నూనె నిండుకుందన్నాను. రాలేదు. ఆలస్యమేమో అనుకుని గుమ్మానికో గ్లాసు చొప్పున బియ్యం పోగుచేసి వండుకున్నాం. నిన్న పై తొట్టిలో నీళ్ళు నిండుకున్నాయని చెప్పాను. విన్నాను, రాసుకున్నాను అంది.

ఇవాళ తెల్లారి చూస్తే కింది తొట్టిలో నీళ్ళు మూడు గీతలు దిగి ఉన్నాయి. తొట్టి గోడ మీద ఒక్కో గీత వీధికి ఒక్కో రోజు నీళ్ళు. రోజుకు ఒకటే దిగాలి.

నిన్న పదిహేడు. ఇవాళ పద్నాలుగు.

మూత పడి ఏడో రోజు

పదకొండు గీతలు.

నాంచారయ్య తొట్టి చుట్టూ చెమ్మ కోసం వెతికాడు. ఎక్కడా తడి కనిపించలేదు. అంటే ఎవరో తీస్తున్నారు. ఆ మాట ఎవరూ అనకముందే అందరి మొహాల మీదా ఉంది.

అలివేలు ఆపుకోలేకపోయింది. "మాస్టారూ, మీ పంచె రోజూ మల్లెపూవల్లే ఉంటుందేం? ఎక్కడియ్యి ఆ నీళ్ళు?"

ఏసుపాదం మాస్టారు పంచె అంచు చూసుకున్నారు. "ఇది మూత పడక ముందు ఉతికిన పంచె అమ్మాయ్. నేను కూర్చోను, అందుకని నలగదు."

"పొద్దస్తమానం నిలబడే ఉంటారా?"

"మీ వీధిలో కూర్చోమన్నవాళ్ళు ఎవరు?"

కొందరు నవ్వారు. అలివేలు నవ్వలేదు. మస్తానమ్మ కల్పించుకుని, "ఈ గొడవంతా ఎందుకు, తొట్టికి తాళం వేద్దాం" అంది.

వద్దన్నాను. ఇవాళ తాళం వేస్తే రేపు దాని తాళంచెవి ఎవరి మొలలో ఉండాలన్న గొడవ వస్తుంది. పన్నెండేళ్ళుగా మా వీధిలో తొట్టికి మూతే తప్ప తాళం ఎరగం. గుమ్మానికి ఒకరు చొప్పున వంతులేసుకుని తొట్టి దగ్గర కూర్చుందామన్నాను. కాపలా అనవద్దు, తోడు అందాం అన్నాను.

పొద్దున చెవికి మళ్ళీ చెప్పాను. బియ్యం నిండుకున్నాయి, నూనె నిండుకుంది, పై తొట్టిలో నీళ్ళు నిండుకున్నాయి. వినపడలేదేమోనని ఒక్కో మాటా రెండుసార్లు, గట్టిగా చెప్పాను.

"విన్నాను. రాసుకున్నాను."

చూడామణికి ఆరు చెంబులు ఇద్దామంటే ఏ గుమ్మమూ కాదనలేదు. అంత అనుమానంలోనూ కాదనలేదు. అది రాసి ఉంచుతున్నాను.

మూత పడి ఎనిమిదో రోజు

ఎనిమిది గీతలు.

మధ్యాహ్నం నాంచారయ్య వంతు. పన్నెండు దాటాక అరుగు మీదనుంచి కేకేశాడు.

"అక్కా! ఇట్టా రా!"

పైనుంచి నీళ్ళు దిగే గొట్టం మీద చెయ్యి వేసి ఉన్నాడు. నా చెయ్యీ వేయించాడు. గొట్టం వణుకుతోంది. లోపల గుటకలు వేస్తున్న చప్పుడు.

"పొయ్యాల్సిన గొట్టమే తాగుతోందక్కా" అన్నాడు.

అందరూ వచ్చారు. తలా ఒకసారి చెయ్యి వేసి చూశారు. మాస్టారు వంతు వచ్చినప్పుడు అలివేలు పక్కకు జరిగి, పీట ముందుకు తోసింది. "కూర్చోండి మాస్టారూ" అంది. ఆయన కూర్చున్నారు. పంచె నలిగింది.

మూడింటికి చెవి కిందనుంచి వారం చీటీ జారింది. మాస్టారు అద్దాలు పెట్టుకుని పైకి చదివారు.

"ఏడో వీధి. బియ్యం, నిండు. నూనె, నిండు. నీళ్ళు, నిండు. మిగులు నీటిని ఎనిమిదో వీధికి మళ్ళించడమైనది. పొరుగువారితో పంచుకుంటున్నందుకు ధన్యవాదాలు."

అలివేలు చీటీ లాక్కుని తిప్పి చూసింది.

"నిండుగా ఉన్నాయని దీనికి చెప్పిందెవరే?" అంది అలివేలు.

చెప్పేది నేనొక్కదాన్నే. అందరూ నా వైపు తిరిగారు.

మాస్టారు అద్దాలు తీశారు. "అమ్మా, మీరు పొద్దున ఏ మాట చెప్పారో ఆ మాటే ఒకసారి అనండి."

"నీళ్ళు నిండుకున్నాయి అన్నాను."

"నిండుకున్నాయి" అన్నారాయన. తరువాత బడిలో పిల్లలకు విడదీసి చెప్పినట్టు, "నిండు... కున్నాయి" అన్నారు. నవ్వబోయి, అద్దాలు ఒళ్ళో పెట్టుకున్నారు. "ముప్పై ఏళ్ళు తెలుగు చెప్పాను తల్లీ. నాకూ తట్టలేదు."

మస్తానమ్మకు కోపం వచ్చింది. "అదేందయ్యా! నిండుకున్నాయంటే అయిపోయాయనేగా! పాలు తాగే పిల్లకి కూడా తెలుసు."

"పిల్లకు తెలుస్తుంది. దీన్ని పెంచిన ఇంట్లో ఆ మాట అనేవాళ్ళు ఉండి ఉండరు."

మా అమ్మ తులసమ్మ ఇంట్లో ఉంది అన్నదానికి ఎదురు మాట పుట్టనిచ్చేది కాదు. బియ్యం అయిపోతే నిండుకున్నాయనాలి. దీపం కొండెక్కిందనాలి. గాజు పగిలితే పెరిగిందనాలి. బయలుదేరేటప్పుడు వెళ్ళొస్తాననాలి. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారు, ఏ మాట వింటే ఆ మాటకు తథాస్తు అంటారు, మనకెందుకు ఆ మాట అనేది. నాకు యాభై ఆరేళ్ళు. తిండికి ఇబ్బంది పడ్డ రోజుల్లో కూడా నా నోట ఆ మాట రాలేదు. ఆ నోరు చూసే ఈ ఏడు వీధి నాకు గొంతు ఇచ్చింది. పెద్దక్క నోట మంచి మాటే వస్తుందన్నారు.

నేను గట్టిగా చెప్పినకొద్దీ అది నీళ్ళు తోడుకుపోయింది.

మూత పడి తొమ్మిదో రోజు

దీపం దగ్గర అమ్మను క్షమించమని అడిగి వెళ్ళాను. ఆరింటికి చెవి పలకమంది.

"బియ్యం లేవు. నూనె లేదు. నీళ్ళు లేవు" అన్నాను.

నా వెనక వీధంతా నిలబడి ఉంది. మస్తానమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

చెవి అంది: "నిన్నటి వరకు నిండు. ఇవాళ లేవు. ఒక్క రోజులో ఇంత ఖర్చు కాదు. మాట పొసగలేదు. ఈ గొంతు మాట మూత తీసేదాకా పక్కన పెట్టాను. వెనకటి మాటే ఉంటుంది."

నేను విడమరిచి చెప్పాను. మేం నిండుకున్నాయంటే అయిపోయాయని అర్థం, అది మా ఇళ్ళలో వాడుక అని.

"విన్నాను" అంది. రాసుకున్నాను అనలేదు.

నాంచారయ్య ముందుకొచ్చి అరిచాడు. "పెద్ద గొంతు కాదు" అంది. మాస్టారు గ్రాంథికంలో చెప్పి చూశారు. "పెద్ద గొంతు కాదు." అలివేలుకు చిన్నప్పటినుంచి నా గొంతు అనుకరించడం అలవాటు. "గోవిందా, గోవిందా" అని నాలాగే మొదలుపెట్టింది. నాకే అది నా గొంతనిపించింది. "పెద్ద గొంతు కాదు" అంది చెవి.

"మా అమ్మే మోసపోయేది ఈ గొంతుకి. దీనికంత తెలివుండి, ఆ ఒక్క ముక్క తెలియకపాయె" అంది అలివేలు.

వెనకటి మాటే ఉంటుందంటే, మధ్యాహ్నానికి గొట్టం మళ్ళీ తాగుతుంది. మిగిలిన ఐదు గీతలూ పోతే ఇక అంతే. తొట్టి ఖాళీ చేద్దామన్నాను. ఏడు గుమ్మాలనుంచి ఏది దొరికితే అది వచ్చింది. బిందెలు, గుండిగ, ఇత్తడి గంగాళం, పచ్చడి జాడీలు, మాస్టారి గుమ్మంలోంచి బాప్తిస్మానికి దాచుకున్న పెద్ద గిన్నె, మా దేవుడి గూట్లో పంచపాత్ర. వరుసగా నిలబడి చేతులు మార్చుకున్నాం. పదకొండున్నరకు తొట్టి అడుగు కనిపించింది. పన్నెండు దాటాక గొట్టం గుటకలు వేసింది. గాలి తాగింది. కాసేపటికి ఊరుకుంది.

"తాగు, తాగు" అంది మస్తానమ్మ దాంతో. "కడుపునిండా తాగు."

చాలా రోజులకు అందరం నవ్వాం.

తరువాత లెక్క చూసుకున్నాం. మనిషికి నాలుగు చెంబులైతే ఐదు రోజులు. రెండైతే పది. పద్దెనిమిదో రోజుతో సరి. ఆ తరువాత ఇంకా పది రోజులు మూత కిందే ఉండాలి.

మూత పడి పదకొండో రోజు

ఎనిమిదో వీధికీ మాకూ మధ్య ఒక గోడ. నాలుగు మూరల మందం. చెవి ఆనిస్తే అవతల చప్పుళ్ళు సన్నగా వినిపిస్తాయి. పొద్దున విన్నాను. ఎవరో గుమ్మం ముందు కళ్ళాపి చల్లుతున్నారు. కళ్ళాపి చల్లి, కడిగి, మళ్ళీ చల్లుతున్నారు.

నాంచారయ్య రోకలితో గోడ మీద మోదాడు. మూడుసార్లు మోది ఆగాడు. అవతలనుంచి కూడా మూడుసార్లు వినిపించింది. ఇతను ఐదుసార్లు మోదితే వాళ్ళూ ఐదుసార్లు మోదారు. తరువాత పిల్లలు చేరినట్టున్నారు, తాళం వేస్తున్నట్టు దరువు మొదలుపెట్టారు.

"బాగున్నారా అని అడుగుతున్నాం అనుకుంటున్నారు" అన్నాడు నాంచారయ్య. రోకలి దించేశాడు.

వాళ్ళ తప్పు కాదు. నీళ్ళు ఎక్కడివో వాళ్ళ చీటీలో రాసే ఉంటుంది. పొరుగువారు పంచుకుంటున్నారని. మంచి పొరుగు దొరికిందని అనుకుంటూ ఉంటారు.

చూడామణికి పాలు తగ్గాయి. అది ఎవరితోనూ అనలేదు. పసిది తాగుతూ తాగుతూ వదిలేసి ఏడవడం నేను చూశాను. మస్తానమ్మ తన రెండో చెంబు తెచ్చి మా గడప మీద పెట్టి వెళ్ళింది. సాయంత్రానికి మరో మూడు చెంబులు అలాగే వచ్చాయి. ఎవరు పెట్టారో చూడలేదు. చెంబుల మీద పేర్లున్నాయి, చదవలేదు.

ఇలా ఎన్ని రోజులు పెడతారు? వాళ్ళ నాలుకలూ పిడచకట్టేవే.

మూత పడి పన్నెండో రోజు

ఏడో గుమ్మంలో ముసలామె కళ్ళు తిరిగి పడింది. లేచింది.

పసిది మధ్యాహ్నం ఏడవలేదు. అందుకే నాకు భయం వేసింది.

జపం నిలవలేదు. నూట ఎనిమిదిలో ఎక్కడున్నానో మూడుసార్లు మరిచిపోయాను.

మూత పడి పదమూడో రోజు

ఉదయం మస్తానమ్మతో కలిసి రాగులు విసురుతున్నాను. పోయినేడు ఆయన పోయినప్పుడు చెవికి ఎలా చెప్పావని అడిగాను.

"ఏముందక్కా. ఆయన కాలం చేశారండీ అన్నా. గవర్రాజు గారు అయ్యో అన్నాడు. ఆయన పేరు కొట్టేసి, రేపట్నించి నువ్వు పలుకమ్మా అన్నాడు. కొత్త కాగితం తీశాడు." తిరగలి ఆపింది. "ఇప్పుడైతే, కాలం చేశారంటే గడియారం బాగుచేశాడని రాసుకునేదేమో ఈ ముండ."

కొత్త గొంతుకు కొత్త కాగితం. వెనకటి మాటలు దాని మీద ఉండవు.

నేను విసరడం ఆపలేదు. పిండి అయ్యేదాకా ఆలోచించాను. తరువాత మాస్టారిని గోడ మీద నియమం చదవమన్నాను. గొంతు ఏ గుమ్మానిదో ఆ గుమ్మంలో తరువాతివారు, పెద్ద గొంతు పేరు చెప్పి, లేదు అని చెప్పాలి. ఆ రోజు సాయంత్రం దాకా చెవి పిలుస్తుంది. బదులు రాకపోతే పేరు కొట్టేస్తుంది.

మాస్టారు చదివి, నా మొహం చూసి, కింది వాక్యం కూడా చదివారు. కొట్టేసిన గొంతు తరువాత వీధిలో వినిపిస్తే దొంగ మాట కింద లెక్క. వీధికి మొత్తం వాటా నిలిపేస్తారు.

ఆ కిందది ఆయన చదవకపోయినా నాకు తెలుసు. మృగశిర రోజున మూత పేరు పేరునా పిలిచి, ఒక్కొక్కరినీ పైకి వదులుతుంది. పేరు కొట్టేసినవాళ్ళకు తెరుచుకోదు. నాలుగో వీధిలో ఒకాయన పేరు పొరపాటున కొట్టుకుపోతే, పైన కాగితం కదిలేసరికి రెండేళ్ళు పట్టింది. రెండేళ్ళూ కిందే ఉన్నాడు. గవర్రాజు గారు ఉన్న రోజుల సంగతి అది.

దీపం పెట్టే వేళకు మా గుమ్మంలో నలుగురం కూర్చున్నాం. నేను, నాంచారయ్య, అలివేలు, పసిదాన్ని ఒళ్ళో పెట్టుకుని చూడామణి. విషయం చెప్పాను.

"నేననను" అన్నాడు నాంచారయ్య.

"నువ్వు అనకపోతే నన్ను అనమంటారు. నా నోరు పడిపోయినా సరే, నేనూ అనను" అంది అలివేలు.

చూడామణి, "అత్తా, నా పాల కోసమైతే వద్దు" అంది.

"నీ ఒక్కదాని కోసం కాదమ్మా. పద్దెనిమిదో రోజు తరువాత ఎవరికీ ఉండవు."

"అబద్ధం కదక్కా" అన్నాడు నాంచారయ్య. "దీపం ముందు కూర్చుని నువ్వు నాతో అబద్ధం చెప్పిస్తావా?"

ఉన్నదే చెప్పాను. ఇన్నేళ్ళూ నేను అయిపోయినదాన్ని నిండుకుందని అన్నానురా. అమ్మ నేర్పింది, అన్నాను. ఉన్నదాన్ని లేదనడం నువ్వు ఒక్కసారి అను. పాపమైతే నా జపంలోంచి తీసుకో.

"అన్నాక తథాస్తు అంటే?" అంది అలివేలు. నవ్వులాటకు అనలేదు.

"అనేవాళ్ళు ఉంటే, ఎందుకన్నామో కూడా వింటారు."

తరువాత నాంచారయ్య వచ్చి నా కాళ్ళ దగ్గర కూర్చుని, రెండు చేతులూ నా పాదాల మీద పెట్టి, నేల చూస్తూ అన్నాడు.

"మా అక్క వకుళ లేదు."

"బాగుంది. రేపు ఇంకొంచెం గట్టిగా అను" అన్నాను.

అలివేలు లేచి గోడ వైపు తిరిగి నిలబడింది.

ఇక పసిదాని సంగతి. ఇరవై ఒకటో రోజు ఎల్లుండి. ఎల్లుండికి నా గొంతు ఉండకూడదు. మా ఇంట్లో పేరు చెవిలో చెప్పేది పెద్దక్కే. అందుకని ఇవాళే పెట్టేద్దామని అనుకున్నాం. రేపు నాంచారయ్య కొత్త కాగితం మీద నా పేరు లేదని చెప్పి, దాని పేరు ఉందని చెబుతాడు. దానికీ ఒక వాటా వస్తుంది.

ఏం పేరన్న దగ్గర అలివేలు కాస్త తేరుకుంది. చూడామణి పూర్ణ అని అనుకుందట.

"వద్దే తల్లీ. పూర్ణ అంటే నిండు అని రాసుకుని, పిల్లని కూడా తోడుకుపోతుంది" అంది అలివేలు. చూడామణి నవ్వి, ఏడ్చింది.

అమ్మ పేరు అనుకున్నాం. పళ్ళెంలో బియ్యం పోయాలి. ఏడు గుమ్మాలూ తిరిగి అలివేలు రెండు గుప్పెళ్ళు తెచ్చింది. చూడామణి వేలితో పేరు రాసింది. పసిదాన్ని నా ఒళ్ళోకి తీసుకున్నాను. కుడి చెవి వేలి గోరంత ఉంది. దానిలో మూడుసార్లు చెప్పాను. తులసి. తులసి. తులసి.

ఆ తరువాత మాట్లాడలేదు. రేపు ఆరింటినుంచి చాలు. కానీ అలవాటు కావాలని ఇవాళే మొదలుపెట్టాను. మాట పొదుపు నాకు కొత్త కాదు. నామాలు పెదవి కదపకుండా చదువుకోవచ్చు. దగ్గు మాత్రం ఎలా ఆపుకోవాలో చూసుకోవాలి.

మిగిలినది నా వాటా. రేపటినుంచి నా పేరున గొట్టంలో ఏదీ దిగదు. నాంచారయ్య నేను తన వాటాలో తినాలన్నాడు. అలివేలు, కాదు, తన వాటాలో అంది. వాళ్ళు తగువులాడుకుంటుంటే మస్తానమ్మ గుమ్మంలోకి వచ్చింది. వెనక మాస్టారు. మిగతా గుమ్మాల వాళ్ళూ అరుగు మీద నిలబడ్డారు.

"వెనకటికి చదువుకునే పిల్లలు వారాలు చేసుకునేవాళ్ళు కాదుటమ్మా?" అన్నారు మాస్టారు. "ఇంటికో రోజు చొప్పున వారమంతా భోజనం గడిపేవాళ్ళు. మనకు ఏడు గుమ్మాలు. వారానికి ఏడు రోజులు. దేవుడు లెక్క సరిగ్గానే పెట్టాడు."

"శుక్రారం నాది" అంది మస్తానమ్మ. "ఉప్పు తక్కువేస్తానని ఎప్పుడూ అంటావుగా. ఇక అనలేవు."

మాస్టారు బుధవారం తీసుకున్నారు. ఏడో గుమ్మం ముసలామె సోమవారం కావాలని చెయ్యెత్తింది. ఒంటిపూటైనా పెడతానంది. మంగళ, గురు, శనివారాలు మిగిలిన మూడు గుమ్మాలకు పంచారు. మృగశిర తరువాత అందరూ పైకి వెళ్ళినా, నా పేరు మళ్ళీ కాగితం మీదికి వచ్చేదాకా, గుమ్మానికి ఒకరు వంతు వేసుకుని కింద ఉంటారట. అది నేను అడగలేదు. వద్దని చెప్పడానికి నోరు తెరిచి, గుర్తొచ్చి మూసుకున్నాను.

"గవర్రాజు గారి ఇల్లు నేను వెతుకుతా. ఎక్కడున్నా పట్టుకొస్తా" అంది మస్తానమ్మ.

రేపటినుంచి ఈ పుస్తకం నాంచారయ్య రాస్తాడు. వాడి అక్షరం గుండ్రంగా ఉంటుంది, చదవడానికి ఇబ్బంది ఉండదు.

"మరి ఆదివారం?" అని అలివేలు అడిగింది.

ఆదివారం నాకు మా ఇంట్లోనే భోజనం పెట్టాలని నిర్ణయించారు.